కలుపు పూల డిగ్రీ

“పేపర్లు మార్చినవా?” అన్నడు.

“మార్చిన. నువ్వు పో, బస్సు పోతది” అన్న.

గంతే. ఆయనకు నాకు నడుమ అయిన ఆఖరి మాటలు గవే. పొద్దుగాల ఏడున్నర అయితది అప్పుడు. పేపర్లంటె చదివే పేపర్లు గావు, మొక్కల్ని అదిమిపెట్టే పాత పేపర్లు. రెండు చెక్కల నడుమ పేపర్లు పరిచి, పేపర్ల నడుమ మొక్కలు పెట్టి, మీద తిరగలి రాయి ఎత్తుతం. మొక్కల తడి పేపరు గుంజుకుంటది. దినాం మార్చకపోతె మొక్క నల్లబడి బూజు పడ్తది. ఆయన ఇంటర్ పిల్లలకు చెట్ల పాఠం చెప్పేటోడు, వాళ్ళకు చూపెట్టనీకి ఎప్పుడూ ఓ కట్ట ఇంట్ల ఉండేది. నిజం చెప్పాల్నంటె ఆ పొద్దు నేనింక మార్చలే. ఆయన పోయినంక మారుద్దామని ఒట్టిగనే అట్లన్న. పోయినంక మార్చిన గూడ. మధ్యానం కాలేజి నుంచి మనిషొచ్చిండు. పాఠం చెప్పుకుంటనే గుండె పట్టుకొని కూసున్నడంట. దవాఖానకు తీస్కపోయేలోపల్నే అయిపోయింది.

రాసుకో బిడ్డా, ఆగకు. నువ్వు ఏడిస్తె కాయితం తడుస్తది, మల్ల రాయాల్సొస్తది.

రాసేది మా ఆయన అన్న బిడ్డ. నన్ను చిన్నమ్మా అంటది. నాకు సంతకం పెట్టుడొచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కునుడొచ్చు, గంతకంటె రాదు. నా గొంతు గూడ మంచిది గాదు, ఏటేటా మిరప కల్లాలల్ల ఘాటు మింగి మింగి గీరుకపోయింది. ఈ పిల్ల చెవి దగ్గెరికి పెట్టుకొని రాస్తున్నది. ఆయన సచ్చిన సంగతి చెప్పనీకి నేను కూసోలే. ఆయన ఆ డిగ్రీ ఎట్ల సంపాయించిండో గది చెప్పాలె. అది నాకొక్కదానికే పూరా తెల్సు.

ఆయన నాకు మేనత్త కొడుకు. బావ అనే పిలిచేదాన్ని, పెండ్లయినంక గూడ గదే నోట్ల ఉండిపోయింది. వాళ్ళది జూలూరుపాడు దిక్కు ఊరు, ఎవుసం ఇల్లు. మాది ఇంక లోపలికి, భద్రాచలం పోయే అడివిల. మా నాయిన ఆకు మందిచ్చేటోడు. కామెర్లకు, ఎముక ఇరిగినోళ్ళకు, పాలు రాని బాలింతలకు. బడికి సెలవులిస్తె చాలు బావ మా ఇంటికాడ దిగేటోడు, మా నాయిన ఎంబడి అడివిల తిరగనీకి. మా నాయినకు మాటలు తక్కువ. బావకు ప్రశ్నలు ఎక్కువ.

“మామా, ఈ చెట్టు ఆకు, ఆ చెట్టు ఆకు ఒక్కతీరే ఉన్నయి. రెండు చుట్టాలా?”

“చుట్టాలైతె నీకేందిరా? సంబంధం కలుపుతవా?” అనేటోడు మా నాయిన.

చెట్లల్ల చుట్టరికం ఉంటదని, దానికి పెద్ద చదువే ఉన్నదని బావకు ఇంటర్ల తెల్సింది. డాక్టరు సీటు పరీక్ష రాసిండు గని రాలే. అప్పటికి మా పెండ్లయి ఏడాది. ఖమ్మంల డిగ్రీ కాలేజిల చేరిండు, రెండువేల సంవత్సరం దాటినంకనే. ఫారం మీద రాసేటప్పుడు ఈ పిల్ల నాయిన, అంటె బావకు అన్న, పక్కనే కూసొని అడిగిండు.

“ఏం దీస్కున్నవ్ రా?”

“బాటనీ.”

“అంటె?”

“చెట్ల చదువు.”

“చెట్లు మనకు తెల్వయా? మనింటెనక మొదలువెడితె పాపికొండలదాక చెట్లే గదరా! దానికి ఖమ్మం పోవాల్నా? ఊరంత కంప్యూటరు కంప్యూటరు అంటున్నరు, గది నేర్సుకోరాదు? దీనికి జాబేమొస్తది?”

బావ ఏళ్ళు మడిచి చెప్పిండు. “ఫారెస్టుల ఆఫీసరు కావచ్చు. బీఎడ్ చేస్తె సారు కావచ్చు. ఎమ్మెస్సీ దాక పోతె కాలేజిల పాఠం చెప్పొచ్చు. ఇత్తనాల కంపెనీలుంటయి, మందుల కంపెనీలుంటయి, నర్సరీ పెట్టుకోవచ్చు…”

“కావచ్చు, పెట్టుకోవచ్చు అంటున్నవ్. అయితది అని ఒక్కటన్న చెప్పు.”

బావ ఏళ్ళు గట్లనే మడిచి ఉన్నయి. గని ఫారం మార్చలే. ఆ పొద్దే నాకు ఆయన మీద ఓ తీరు గౌరవం పడ్డది. మాట గెలవకపోయినా మనసు మార్చుకోని మనిషిని నేను అప్పటిదాక చూడలే.

శనివారం శనివారం ఇంటికొచ్చేటోడు. గడ్డం గీసే బ్లేడు తీస్కొని జొన్న దంటును నీళ్ళల్ల పెట్టి కోసేటోడు. ఎంత పలచగ అంటె, ఉల్లిగడ్డ మీది పొర లెక్క. నూటికి ఒక్కటి మంచిగొస్తది. అది వచ్చేదాక ఏలు తెగినా లేవడు. వచ్చినంక నన్ను పిలిచి భూతద్దం కింద చూపెట్టేటోడు. సన్న సన్న తొర్రలు, తేనెపట్టు లెక్క. “నీళ్ళు ఏర్లకెల్లి పైకి గీ తొవ్వలనే పోతయి” అనేటోడు. నేను పుట్టినకాన్నుంచి జొన్న కోసిన, తిన్న, పశువులకేసిన. దాని కడుపుల తొవ్వలున్నయని నాకు చెప్పినోడు ఆయనే.

మొదటి ఏడు బాగనే పాసైండు. రెండో ఏడు మలేరియా పట్టుకున్నది, ప్రాక్టికల్స్‌కు పోలే. గది మూడో ఏట్లకొచ్చి కూసున్నది. మూడో ఏడు మొదలైనప్పుడు ఈ పిల్ల నాయిన కరాఖండిగ చెప్పిండు. “ఈసారి గూడ పోతె ఇగ బుక్కులు కట్టెయ్యి. నేనొక్కణ్ణే అరక తోలలేను.” దాంట్ల తప్పు లేదు బిడ్డా, గది గూడ రాయి. మీ నాయినకు అప్పుడు నడుం నొప్పి. పదెకరాల పని ఒక్కడే చేస్తుండె. తమ్ముడు ఖమ్మంల కూసొని జొన్న దంటు కోస్తుంటె ఎన్నేండ్లని ఓర్సుకుంటడు?

బావ సరే అన్నడు. సరే అంటె సరే అన్నట్టే, మాట మీద నిలబడే ఇల్లు వాళ్ళది. ఆ ప్రాక్టికల్ పోతె డిగ్రీ లేదు. డిగ్రీ లేకపోతె ఆ కావచ్చులు గూడ లేవు.

దాంట్ల పెద్ద పని ఏందంటె యాభై మొక్కలు తెచ్చి, అదిమి, ఆరబెట్టి, దళసరి తెల్ల కాయితాల మీద అతికి, కింద వాటి పేరు, కుటుంబం, యాడ దొరికింది రాసియ్యాలె. హెర్బేరియం అంటరు. పరీక్ష ఇంక నెల ఉన్నదనంగ పది దినాలు సెలవు పెట్టి వచ్చిండు మొక్కలేరనీకి. వచ్చిన మూడో దినమే మల్ల జరం. రెండు దుప్పట్లు కప్పినా మంచం గజగజ ఊగుతున్నది.

“నేను తెస్త” అన్న.

“నువ్వా?”

“ఏం? చెట్లు నీకంటె నాకే ఎక్కువ తెల్సు.”

పండ్లు కొట్టుకుంటనే నవ్విండు. “అవ్, నీకే ఎక్కువ తెల్సు. పో. యాభైకి తక్కువ కావొద్దు.”

అమ్మగారింటికి పోయి, మా నాయిన అప్పటికే లేడు గనక, మూడు దినాలు మా అమ్మ, నేను అడివి తిరిగినం. మా నాయిన నేర్పిన పద్ధతి నాకు ఎరికే. చెట్టును ముట్టేముందు ఎందుకు తీస్కుంటున్నవో దానికి చెప్పాలె. ఏరు ముట్టొద్దు, మల్ల చిగురెయ్యాలె గద. పూత మీదున్నదాన్ని అసలే కొయ్యొద్దు. పూత మీదున్నదంటె కడుపుతోనున్నట్టు. మా నాయిన ఎంత పెద్ద రోగమొచ్చినోడు వాకిట్ల పడుకున్నా, ఆ చెట్టు పూసి ఉంటె ఇంకో చెట్టు ఎతికేటోడు గని దాన్ని ముట్టలే. నేను గట్లనే చేసిన. “మా బావ పరీక్షకు” అని ఒక్కొక్కదానికి చెప్పి చెప్పి, పువ్వు లేని కొమ్మ చూసి, ఏరు ఇడిసిపెట్టి కోసుకొచ్చిన. అరవై దాక తెచ్చిన. ఇంటికొచ్చి నేనే పేపర్లల్ల పెట్టి, రాయెత్తి, దినాం మార్చిన.

జరం దిగినంక బావ లేచి కట్ట ఇప్పిండు. మొదటి పేపరు తీసిండు. రెండోది తీసిండు. అయిదారు తీసినంక నా దిక్కు చూసిండు.

“ఏమే, పూలేయి?”

“పూలెందుకు?”

“మొక్కకు పూలుండాలె గద.”

“పూసినయన్ని ఇడిసిపెట్టిన. పూత మీదున్నదాన్ని ఎవరన్న కోస్తరా?”

“ఒక్కటి గూడ తేలేదా?”

“ఒక్కటి గూడ తేలే. ఏరి ఏరి తెచ్చిన” అన్న. మెచ్చుకుంటడనే అనుకున్న నేను.

పేపరు మెల్లగ కింద పెట్టిండు. ముందు నవ్వొచ్చింది ఆయనకు. నవ్వీ నవ్వీ దగ్గు పట్టింది. దగ్గు తగ్గినంక చెప్పిండు. ఆకులు చూసి ఏ కుటుంబమో చెప్పలేరంట. పువ్వుల ఎన్ని రేకలున్నయి, అవి ఇడివిడిగున్నయా అతుక్కున్నయా, లోపల గింజ యాడ కూసున్నది, గవి చూసే చెప్తరంట. చిన్న మొక్కయితె ఏరు గూడ ఉండాలె. నేను తెచ్చిన అరవై గడ్డి పోచల లెక్కనే, పరీక్షకు పనికి రావు.

నేను లేచి పొయ్యికాడికి పోయిన. నెల రోజులల్ల పది పోయినయి. ఆయన వచ్చి పక్కన కూసున్నడు.

“నేను చెప్పకపోతి. నాదే తప్పు.”

“మల్ల పోత. పూసినయే కోసుకొస్త.”

“వద్దు.”

“మరెట్ల?”

“వద్దన్ననా లేదా? మామ మాట దాటి నువ్వు తెస్తె, నా డిగ్రీ చూసినప్పుడల్ల నీకు గదే యాదికొస్తది. కాలేజి ముందర మందారం ఉన్నది, బిళ్ళగన్నేరు ఉన్నది. ఎన్నయితె అన్ని పెడ్త.”

డిగ్రీ పోయేటట్టున్నది, ఆయన మా నాయిన మాటకు కాపలా కాస్తున్నడు. గసొంటి మనిషి. తెల్లారి సగం పాణంతోని ఖమ్మం బస్సెక్కిండు.

అది మిరపకాయ ఏరే కాలం. ఏటేటా మా ఊరి ఆడోళ్ళం ట్రాక్టరెక్కి బోనకల్ దిక్కు పోయేటోళ్ళం, నెలా రెండు నెలలు అక్కడనే గుడిసెలేసుకొని ఉంటం. ఆ ఏడు గూడ పోయిన. రెండో దినమో మూడో దినమో, సాలు నడుమ కలుపు అడ్డమొస్తె పీకి గట్టు మీద ఏద్దామని చెయ్యి లేపిన. లేపిన చెయ్యి గట్లనే ఆగింది. నా చేతుల తుమ్మి మొక్క. ఏరుకు మట్టి ఉన్నది. మీద తెల్లగ పూలు. పూల కింద గింజ.

దినాం ఎన్ని పీకుతమో లెక్కున్నదా? పూసిందే, కాసిందే, అన్నీ పీకుతం. మందు చెట్టుకు దండం పెట్టి ముట్టేదాన్ని, దీనికి పువ్వున్నదని ఒక్క పొద్దన్న చూసిన్నా? సిగ్గనిపించింది. ఆ సిగ్గు మీదనే సంబురం గూడ అనిపించింది. ఈ మొక్క ఎట్లనన్న గట్టు మీద ఎండి సచ్చేదే గద. పేపర్ల ఎండితె ఏమైతది? ఒడిల ఏసుకున్న.

పక్క సాలుల ఉన్న ముసలామె చూసింది. దాని నోటికి ట్రాక్టరు డ్రైవర్ గూడ భయపడ్తడు.

“ఏందే, కాయ ఏరమంటె గడ్డి పువ్వులేరుతున్నవ్? బతుకమ్మ ఇంక మస్తు దూరమున్నది!”

“మా బావ పరీక్షకు.”

“గడ్డి పరీక్షనా? నీ మొగుడు మేకనా ఏందే?”

సాలు సాలంత నవ్విండ్రు. నేను గూడ నవ్విన. తెల్లారి చూస్తె ఆ ముసలామెనే ముందుగాల పిడికెడు గునుగు పట్టుకొచ్చింది, ఏరు తెగకుంట తవ్వి. “ఇగో, మీ మేకకు.” ఇగ ఆ నాటి నుంచి పదిహేను మంది చేతులు నా పనికే. పల్లేరు, ఉత్తరేణి, నేల ఉసిరి, గడ్డి చేమంతి, కుప్పింటాకు, తుంగ. ఒకటే తీరువి రెండు తెస్తె, “ఇది ఆల్రెడీ తిన్నది మీ మేక” అని వాళ్ళల్ల వాళ్ళే తిట్టుకునేటోళ్ళు.

చేను ఆసామి ఇల్లాలు కోస్తా నుంచొచ్చినామె. పొద్దుగూకి పోయేటప్పుడు కూలోళ్ళ మూటలు చూసి పంపేది, ఒడిల కాయ దాస్తరని. నా మూట పెద్దగున్నది.

“ఏంటమ్మా అది? విప్పు చూద్దాం.”

ఇప్పిన. వంగి చూసింది, చేత్తోని కలిపి చూసింది, అడుగున గూడ చూసింది.

“కలుపా? కలుపు దొంగతనం చేస్తున్నావా?”

“మా ఆయన చదువుకమ్మా.”

“అయితే మొత్తం పట్టుకుపో తల్లీ, నా చేను బాగుపడుతుంది” అని నవ్వింది. సంగతంత అడిగి, లోపలికి పోయి పాత పేపర్ల కట్ట తెచ్చిచ్చింది. ఇస్తూ ఇస్తూ, “ఇంతకీ ఈ చదువుకి ఉద్యోగం ఏమొస్తుంది?” అన్నది.

“కావచ్చు కావచ్చు అంటున్నడమ్మా” అన్న.

బోనకల్‌ల రైలు టేషను ఉన్నది. నేను కబురంపితె, ఖమ్మం నుంచి పాసింజరెక్కి బావ రెండు దినాలకోసారి సాయంత్రం దిగేటోడు. నేను పని దిగి మూట ఎత్తుకొని పోయేదాన్ని. ప్లాట్‌ఫారం మీదనే పేపర్లు పరిచి ఎలుతురు ఉండంగనే సర్దుకునేటోళ్ళం. ఓ దినం ఓ ఆమె సంచి పట్టుకొని వచ్చి నిలబడ్డది.

“ఆకుకూర ఎట్లిస్తున్నరు?”

“ఇది అమ్మేది కాదమ్మా” అన్నడు బావ.

“మరి పరిచినవెందుకు?”

ఇంకొకడైతె పొమ్మంటడు. బావ తుమ్మి కాడ తుంచి ఆమె చేతుల పెట్టిండు. “ఏళ్ళ నడుమ పెట్టి తిప్పు. ఎన్ని మూలలు తగుల్తున్నయి?” ఆమె తిప్పింది. “నాలుగు” అన్నది. “తులసి కాడ గూడ గంతే, నాలుగు మూలలు. రెండు ఒకటే కుటుంబం. గీ తుంగ చూడు, మూడు మూలలు.” ఆమె సంచి కింద పెట్టి తుంగ తిప్పింది. మల్ల తుమ్మి తిప్పింది. ఆమె ఎక్కాల్సిన బండి కూతేసినంకనే పరిగెత్తింది, తుంగ పుల్ల చేతుల పట్టుకొనే. బావ మొఖం చూడాలె అప్పుడు. జరంతోని లోపలికి పోయిన చెంపలు, గని కండ్లు మాత్రం దీపాలే. పాఠం చెప్పుడు ఈయనకు బతుకని నాకు ఆ ప్లాట్‌ఫారం మీద తెల్సింది.

యాభై రెండు అయినయి. ఓ ఆదివారం గుడిసెల కూసొని తెల్ల కాయితాల మీద నేను సూది దారంతోని కుట్టిన, గమ్ము పెడితె ఊడుతున్నయని. ఆయన కింద చీటీలు రాసిండు. రాసినవి ఆరబెట్టుకుంట ఒకటి చేతికి తీస్కుంటె, నాకు చదవనొచ్చిన ముక్క ఒకటి కనపడ్డది. నా పేరు. ఇంకోటి చూసిన, దాని మీద గూడ నా పేరు. అన్నిటి మీద.

“ఇదేంది, నా పేరెందుకు?”

“అక్కడ తెచ్చినోళ్ళ పేరు రాయాలె. తెచ్చింది నువ్వు.”

“పరీక్ష రాసేది నువ్వు గద! సారు ఊకుంటడా? ఎవరికెరుక, నీ పేరు రాసుకో.”

“చెట్టు పేరు తప్పు రాస్తె మార్కు పోతది. మనిషి పేరు తప్పు రాస్తె పోదా?”

“డిగ్రీ పోతె మీ అన్న అరక చేతుల పెడ్తడు.”

“పెట్టనీ. పట్టుకుంట.”

నేను ఎంత మొత్తుకున్నా ఇనలే. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఆయన గురక పెట్టిండు.

పరీక్ష సంగతి ఆయన చెప్తె ఇన్నదే. బయటి ఊరు నుంచి పెద్ద సారొచ్చిండంట, ముక్కు మీద అద్దాలు. అందరివీ జల్దీ జల్దీ తిప్పి పెడ్తున్నడు. మందారం, గన్నేరు, మందారం, గన్నేరు. బావది తీసి మెల్లగ తిప్పుడు మొదలువెట్టిండు.

“అన్నీ కలుపేనా?”

“అవ్ సార్.”

“ఈ పేరెవరిది? నీది కాదే.”

“మా ఇంటామె సార్. మిరప చేన్ల తెచ్చింది.”

“మరి నువ్వేం చేశావ్?”

“నాకు జరమొచ్చింది సార్. గుర్తుపట్టింది, కుటుంబం పెట్టింది నేను.”

సారు అద్దాలు తీసిండు. సొంతంగ తేవాల్నని రూలున్నది, ఇవి లెక్కకు రావని చెప్పొచ్చు నేను అన్నడంట. బావ తల ఊపిండు. చెప్పొచ్చు గద మరి. అప్పుడు సారు చీటీ మీద చెయ్యి అడ్డం పెట్టి “ఇదేంటి?” అన్నడు. బావ చెప్పిండు. ఇంకో కాయితం. చెప్పిండు. ఒక్కొక్కటి యాభై రెండూ అడిగిండు. ఎనకున్న పిల్లలు గోడకానుకొని నిలబడ్డరు. గునుగు, తోటకూర, ఉత్తరేణి ఒకే ఇల్లెట్లయినయంటె చెప్పిండు. గడ్డి చేమంతిల ఒక్క పువ్వనుకునేది ఒక్కటి గాదు, గంపెడు పూలు కలిసి కూసున్నయని ఇప్పి చూపెట్టిండు. రెండింటికి మాత్రం “తెల్వది సార్, ఎతుకుతున్న” అన్నడంట. చీటీ మీద గూడ ఖాళీ ఇడిసిపెట్టిండు వాటికి. సారు కట్ట మూసి చేతికిచ్చి, “దారంతో కుట్టింది కూడా ఆవిడేనా?” అని మాత్రం అడిగిండంట.

ఫలితాలొచ్చేదాక రెండు నెలలు. ఆ రెండు నెలలు బావ అన్న ఎంబడే పొలం పోయిండు, ఒక్క మాట చెప్పించుకోకుంట. పాసైండు. రెండో ఏటిది, మూడో ఏటిది రెండూ. ఖమ్మం పోయి కాయితం తెచ్చుకొని, ముందుగాల మీ నాయిన చేతులనే పెట్టిండు బిడ్డా. మీ నాయిన అటు తిప్పి ఇటు తిప్పి చూసి, “సరే, ఇగ నీ కావచ్చులు మొదలువెట్టు” అన్నడు. గని ఆ పొద్దు కోడిని కోసింది మీ నాయినే.

కావచ్చులు అంత అలకగ కాలే. ఫారెస్టు జాబుకు రాత పరీక్ష దాటిండు, నడక దాటిండు, ఛాతీ కొలిచేకాడ పోయిండు. మలేరియాలు తిన్న ఒళ్ళు, ఎంత గాలి పీల్చినా టేపు కదల్లే. బీఎడ్ సీటు దూరమొచ్చింది, పోలేకపోయిండు. ఎమ్మెస్సీ మాట ఎత్తితె తనే నవ్వేటోడు. ఆఖరుకు టౌన్ల ఓ చిన్న ప్రైవేటు జూనియర్ కాలేజిల తీస్కున్నరు. పెద్ద డిగ్రీ లేదని జీతం సగమే. గని బోర్డు మీద బాటనీ సారు అని రాసిండ్రు.

మొదటి దినమే పిల్లల్ని గది బయటికి తీస్కపోయిండంట, కాలేజి ఎనక చెత్త పోసేకాడికి. “ఇక్కడ ఎన్ని తీర్ల మొక్కలున్నయో లెక్కపెట్టుండ్రి.” పిల్లలు ముక్కులు మూసుకొని లెక్కపెట్టిండ్రు. ఇరవై మూడు తేలినయి. తెల్లారి ఓ పిల్ల ఇరవై నాలుగోది పట్టుకొచ్చింది. గట్ల చెప్పేటోడు పాఠం. నాలుగైదేండ్లు చెప్పిండు. ఓ పిల్ల ఇప్పుడు నర్సు చదువుతున్నది, ఓ పిలగాడు ఎవుసం డిగ్రీల ఉన్నడు. వాళ్ళు బస్సుల కనపడితె సీటిచ్చి సారు ముచ్చటే చెప్తరు నాకు.

మీ నాయిన సంగతి గూడ రాయి, ఇనపడ్తె ఇనపడనీ. ఓ ఏడు మన మిరప ఆకులన్ని ముడుచుకపోయినయి. మీ నాయిన నాలుగు ఆకులు తెంపి తువాలల చుట్టుకొని, తమ్ముడు బస్సు దిగేదాక రోడ్డు మీద నిలబడ్డడు. “గిదేందో చూడు రా” అన్నడు. బావ ఆకు తిప్పి, భూతద్దం పెట్టి, అన్నను గూడ చూడమన్నడు. ఆకు కింద సన్నటి పురుగులు కదుల్తున్నయి. మీ నాయిన ఒక కన్ను మూసుకొని మస్తు సేపు చూసిండు. ఆ ఏడు మందు షాపోడు చెప్పింది గాదు, తమ్ముడు చెప్పిందే కొట్టిండు.

ఆ చదువుకు ఏమొచ్చిందని నన్ను ఇప్పటికీ అడుగుతరు. ఆఫీసరు కాలే. ఎమ్మెస్సీ కాలే. నాకైతె పొద్దున ఆయన పోయే తీరే కనపడ్తది. అంగి ఇస్త్రీ చేసుకొని, సంచిల ఇంత గడ్డి పెట్టుకొని, కూనిరాగం తీస్కుంట బస్సుకు పోయేటోడు. పొలానికి పోయేటోళ్ళను చూసిన, ఆఫీసులకు పోయేటోళ్ళను చూసిన. పనికి పోతా అట్ల పాడుకుంట పోయేటోన్ని ఇంకొకన్ని చూడలే. ఆఖరు దినం గూడ పాఠం చెప్పుకుంటనే పోయిండు, రోగంతోని మంచం మీద పడి గాదు.

ఇగ చాలు బిడ్డా, నీ చెయ్యి గూడ గుంజుతుంటది. మొదటి నుంచి చదువు, మెల్లగ. ఆయనన్న మాటలు యాడన్న నా మాటల లెక్క ఇనపడితె ఆపుత. ఆయన అట్ల మాట్లాడేటోడు గాదు, సరిచేద్దాం. చదువు.